రుఖయ్య తవ్విన బొంద

“బిడ్డ కోసం బొంద తవ్విందట! పైగా ఇప్పుడు నిమ్మళంగా ఉందట! అసలది తల్లేనా?”

“నువ్వు పొయ్యి సూసినవా అమ్మా? గంతగనం ఒర్రుతున్నవ్!”

“చూసేదేముంది, రాసిందిగా! పేరు దాచుకుని మరీ రాసింది. ఊరు కనుక్కుని పోలీసులకి పట్టించాలి.”

“మరి దాన్ని తిట్టినోళ్లు? వాళ్లు గూడ పేర్లు దాసుకున్నోళ్లే గద!”

పటాన్‌చెరులో ఒక ఫిజియోథెరపీ సెంటర్ వరండా అది. అరుస్తున్న మనిషి హైమావతి. భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇరవై ఏళ్ల కిందట భీమవరం నుంచి వచ్చింది. ఎదురు జవాబిస్తున్నది మొగులమ్మ. ఇద్దరి ఒళ్లోనూ నడుం నిలవని పిల్లలే. వాళ్ల మధ్య రుఖయ్య, ఆమె భుజం మీద ఏడేళ్ల రుమానా. బొంద తవ్వింది ఈ రుఖయ్యే. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

ముందురోజు పొద్దున్నే ఆమె సంతోషం పట్టలేక ఫోన్‌లోకి మాట్లాడింది, ఫోన్ టైపు చేసింది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులంతా ఉండే ఫేస్‌బుక్ గ్రూపులో, పేరు కనిపించకుండా పెట్టింది. పేరుంటే, బిడ్డను బజార్లో పెట్టావని అత్తగారు గోల చేస్తుంది. “బిడ్డ కొరకు బొంద తవ్విన. ఇన్నేండ్లకు నాకు నిమ్మళమైంది.” అంతే రాసింది.

కొండాపూర్ మండలంలోని ఆమె ఊళ్లో బొందంటే గుంత. మామిడి మొక్కకూ బొందే, కరెంటు స్తంభానికీ బొందే. హైమావతి వైపు వాళ్లకు బొందంటే తిట్టు, లేదంటే సమాధి. రెండొందల పద్నాలుగు కామెంట్లు వచ్చాయి. ‘ముందు నువ్వు దూకు అందులో’ అని ఒకరు. ‘ఆ పిల్లను లాక్కుని హోంలో పెట్టాలి’ అని ఇంకొకరు. సంతోషం చెప్పుకుంటే ఎందుకు తిడుతున్నారో రుఖయ్యకు రాత్రంతా అర్థం కాలేదు. ఈ పోట్లాట వింటుంటే ఇప్పుడు అర్థమైంది. నోరు తెరిస్తే నిజంగానే బిడ్డను తీసుకుపోతారేమో. తెరవకపోతే వీళ్లు ఊరు వెతుక్కుంటూ వచ్చేలా ఉన్నారు.

లేచి నిలబడింది.

“ఆ బొంద నేనే తవ్విన.”

హైమావతి గిర్రున ఆమె వైపు తిరిగింది.

“సంపనీకె కాదమ్మా, కూసోబెట్టనీకె! కుర్సీల ఏస్తే జారుతది, గోడకు ఆనిస్తే ఒరుగుతది. కుండ అడుగు గుండ్రంగ ఉంటే ఏం జేస్తం? మట్టిల బొంద జేసి కూసోబెడ్తం గద! నా బిడ్డ కుండకన్న తక్కువనా? నడుముల దాకా తవ్విన, సుట్టూ బొంత పరిచిన. సూడుండ్రి!”

ఫోన్‌లో వీడియో పెట్టింది. గుంతలో రుమానా నిటారుగా కూర్చుని ఉంది. ఆసరా కోసం పట్టుకోవాల్సిన పని లేక రెండు చేతులూ ఖాళీ. స్పూనుతో స్టీలు పళ్లేన్ని దనాదన్ వాయిస్తోంది.

“కూసున్నదే! ఓ చెల్లె, నీ బిడ్డ కూసున్నదే!” మొగులమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఆ కేకకు లోపల్నుంచి ఫిజియోథెరపిస్టు పరుగెత్తుకొచ్చింది. వీడియో రెండుసార్లు చూసి, “నడుం బాగా నిలబడింది. రోజూ కాసేపే కూర్చోబెట్టండి, పక్కనే మనిషి ఉండాలి సుమా” అంది.

హైమావతి కొడుకు వెంకట సాయికి తొమ్మిదేళ్లు. ఒక్కరోజూ కూర్చోలేదు. ఆమె గొంతు తగ్గింది.

“ఎంత లోతు తవ్వావమ్మా?”

“అడుగుడెందుకు, వచ్చి సూడుండ్రి!”

ముగ్గురు తల్లులు, ముగ్గురు పిల్లలు ఒకే ఆటోలో ఇరుక్కుని బయలుదేరారు. ఇల్లు చేరగానే రుఖయ్య గడ్డపార అందుకుంది. “ఆగమ్మా, నీ కొడుకు పొడుగున్నడు” అంటూ ఇంకో జానెడు తవ్వింది. సాయిని దింపారు. తల ఇటు వాలింది, అటు వాలింది, ఆగింది. ఎదురుగా ఒక కోడి నడిచి వెళ్లింది. వాడి కళ్లు దాని వెంట దడి చివరిదాకా వెళ్లాయి.

“కోడిని చూస్తున్నాడు! వీడు కోడిని చూస్తున్నాడండీ!” పుట్టినప్పటి నుంచి వాడు పైనున్న ఫ్యాన్‌ను చూడటమే ఎరిగిన హైమావతి నేల మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. తర్వాత ఫోన్ తీసి, ‘ముందు నువ్వు దూకు అందులో’ అన్న కామెంట్‌ను వెతికి తుడిచేసింది. అది ఆమె రాసిందే. వెనకే నిలబడ్డ రుఖయ్య అంతా చూసింది.

“చాయ్ తాగుతవా అమ్మా?” అంది, అంతే.

తిరుగు ప్రయాణానికి ఆటో మళ్లిస్తుంటే రుఖయ్య దాన్ని నడిపేవాడి దగ్గరికి, అంటే ఇది రాస్తున్నవాడి దగ్గరికి, పరుగున వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది.

“తమ్మీ, సగంల ఇడిసిపెట్టినా కాలేజీకైతే పోయినవ్ గద, జెర నువ్వే ఆ గ్రూపుల రాసి పెట్టు. ఎంత లోతో రాయి, బొంత సంగతి రాయి. ఈసారి పైన నా పేరు ఉండాలె. బొంద అని మాత్రం రాయకు. దాన్ని వాళ్ల దిక్కు ఏమంటరో ఆ అమ్మనే అడిగి, గట్లనే రాయి.”