అరగంట కుర్చీలోంచి లేచిపోయిన వీరుడు

మీరు చాలామంది తెలివితక్కువవాళ్ళని చూసి ఉంటారు. కానీ ఊరందరికీ ఒకే మాట రోజంతా చెప్పి, తన వంతు వచ్చేసరికి ఆ మాటే తప్పి, ప్రాణం మీదికి తెచ్చుకుని ఇసుకలో ఎండుచేపల పక్కన పడిపోయినవాణ్ణి చూసి ఉండరు. ఆ లోటు ఇవాళ తీరుస్తాను. అది నేనే.

కరోనా టీకాలు వేస్తున్న రోజులవి. మా కళింగపట్నం బడిలో శిబిరం పెట్టారు. నాకు ఇరవై నాలుగేళ్ళు, వాలంటీరు పని, మెళ్ళో కార్డు. ఆ కార్డు పడ్డాక నా నడకే మారిపోయిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. టీకా వేయించుకున్నవాళ్ళని అరగంటసేపు పక్కగదిలో కూర్చోబెట్టడం నా బాధ్యత. పడవలు ఒడ్డుకొచ్చి చేపల వేలంపాట మొదలయ్యే వేళ మావాళ్ళని కుర్చీలో ఆపడం ఎంత కష్టమో సముద్రం పక్కన పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. నేను ఆపాను. గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ ఆపాను.

టీకాలు వేసే సరోజినిగారిది కోటబొమ్మాళి. యాభై దాటిన ఏఎన్ఎం నర్సమ్మ. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. సూది వేసే ముందు ప్రతివాళ్ళనీ, వరసలో అందరూ వింటుండగా, ఒకే ప్రశ్న అడిగేవారు.

"ఇంతకుముందు ఏ ఇంజక్షనైనా పడక ఒల్లు వాచినాదా? ఊపిరాడనేదా? దాసకండి, సెప్పండి."

ఆవిడ బల్ల మీద ఒక చిన్న డబ్బా ఉండేది. పొద్దున్నే తెరిచి, అందులో మందు, సిరంజీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి మూసేవారు.

"ఏటండీ, రోజూ సూస్తారు, ఒక్కరోజూ వాడరు" అన్నాను ఒకసారి.

"వాడకపోతే అంతకన్నా ఏటి కావాల బాబూ? ఎక్కడో ఒకరికి టీకా పడదు. వాడికి నిమిషాల్లో ప్రానం మీదికొస్తాది. అప్పుడు మందెక్కడుందని ఎతుక్కుంటానా?"

ఆ ఎక్కడో ఒకడి మీద నాకు చాలా జాలేసింది. వాడు ఎవడో అప్పటికి తెలీదు కదా.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ఇంటర్ చదివేటప్పుడు జ్వరానికి సూది వేస్తే నా పెదాలు బూరెల్లా పొంగాయి. ఇకమీదట ఏ సూదికైనా ముందు ఈ సంగతి చెప్పమని ఆ డాక్టరు గట్టిగా చెప్పారు. నా వంతు వచ్చిన రోజున సరోజినిగారు నన్నూ అదే ప్రశ్న అడిగారు. నా వెనక నలభైమంది. ఇంటింటికీ తిరిగి, "ఏటీ అవదు, రండి" అని నేనే తెచ్చినవాళ్ళు. నిజం చెబితే వరస మొత్తం ఇంటికి పోతుందని ఊరి మేలు కోరి ఆలోచించాను. ఊరి మేలు సగమే. మిగతా సగం, వెనకే నిలబడ్డ మా అప్పన్న బావ ఏడాదిపాటు ఏడిపిస్తాడన్న భయం.

"నాకేటి అవుతాదండీ, రాయిలాటి ఒల్లు" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "నిజమేనా బాబూ?"

"నిజమేనండీ."

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలకి అరచేతులు దురద. తర్వాత మెడ. పక్కన అప్పన్న బావ కూర్చున్నాడు.

"ఏట్రా, మొకం ఎర్రగైపోనాది?"

"ఎండ బావా."

"గదిలో ఎండేట్రా?"

గొంతు బిగుసుకుంటోంది. బుద్ధున్నవాడైతే పది అడుగుల దూరంలో ఉన్న నర్సమ్మని పిలుస్తాడు. నేను పరువు కాపాడుకోవడానికి లేచాను.

"బావా, పాట సూసొస్తాను."

"అరగంట అవనేదు కదరా. నన్నయితే లెగనిస్తన్నావేటి?"

"నేను వాలంటీర్ని" అని దొడ్డిదారిన బీచికి నడిచాను. చేపలు ఎండబెట్టినచోటికి వెళ్ళేసరికి ఇసుకలో కూలబడ్డాను.

ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చేపలమ్మే ఎర్రమ్మత్త నన్ను లేపి కూర్చోబెట్టింది. ఒకావిడ చేతిలో తాళాలు పెట్టింది. ఎర్రమ్మత్త ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపింది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు గాలి లోపలికి పోవడం లేదు. చచ్చిపోతున్నానని తెలుస్తోంది. అమ్మకి చెప్పకుండా పోతున్నానని ఏడుపొచ్చింది.

అంతలో సరోజినిగారి గొంతు వినబడింది. ఖాళీ కుర్చీ చూసి, బావని అడిగి, డబ్బా పట్టుకుని ఆ వయసులో, ఆ ఇసుకలో, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"కూకోబెట్టకండి. తొంగోబెట్టండి. కాల్లు ఎత్తండి. ఒకరు నూట ఎనిమిదికి ఫోన్ సెయ్యండి."

నా కాళ్ళు చేపల బుట్టమీదికి ఎక్కాయి. ఆవిడ మందు సిరంజీలోకి తీశారు.

"సూదితోటే పడిపోనాడు కదమ్మా, మల్లీ సూదేటి?" అంది ఎర్రమ్మత్త.

"అది రోగం రాకుండా. ఇది ప్రానం పోకుండా. ముందు ఆ ఉల్లిపాయ తియ్యి."

తొడ పక్కన సూది దిగింది. కొన్ని నిమిషాలకి ఊపిరి మెల్లగా దారి కనుక్కుంది. నన్ను అంబులెన్సులోకి ఎక్కించారు. శిబిరం ఆపించి, తనూ ఎక్కి, శ్రీకాకుళం దాకా నా నాడి వదల్లేదు.

దారిలో నేనే చెప్పాను. "ఇంతకుముందు కూడా వాచిందండీ."

ఆవిడ తిట్టలేదు. "సెప్పుంటే ముందే పెద్దాసుపత్రికి పంపిద్దును బాబూ" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఆవిడంత గొప్ప మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మళ్ళీ ముంచుకు రావచ్చని ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి, ఆ టీకా రెండో డోసు వద్దని కాగితం రాసిచ్చి పంపారు. ఇక మా ఊళ్ళో శిబిరం మూసుకోవలసిందేనని తల దించుకుని వచ్చాను. చూస్తే వరస బడి గేటు దాటి రోడ్డుమీదికి వచ్చింది.

"ఏటి బావా, నన్ను సూసి ఎవులూ బయపడనేదా?"

"నిన్ను సూసే వచ్చినార్రా. నీలాటి అబద్దాలోన్నే బతికించినాది, నిజం సెప్పినోల్లకి బయమేటి అంతన్నారు."

నిజాలు కూడా మామూలుగా చెప్పడం లేదు. ఎర్రమ్మత్త బల్ల ముందు నిలబడి, "అమ్మా, రొయ్యలు తింటే నాకు దురదొస్తాది. మా ఆడబిడ్డని సూస్తే ఒల్లంతా మండిపోతాది. రెండూ రాసుకో" అంటోంది.

అందువల్ల ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ నర్సమ్మ అడిగినా నా ఒంటి చరిత్ర ఒక్క తుమ్ము కూడా వదలకుండా చెబుతాను. వెనక నలభైమంది కాదు, నాకు పిల్లనివ్వబోయే మావే నిలబడి వింటున్నా సరే.