వేడికి విడిన అతుకు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చెప్పింది ఒక్కసారే. మోయడం మాత్రం రోజూ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో ధర్మవరంలో రైలెక్కి, హిందూపురం దగ్గర ప్లాస్టిక్ కవర్లు చేసే ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ని. కవరు ఎంత వేడికి ఆగుతుందో చూడటం నా పని. మట్టిలో త్వరగా కలిసిపోయే కవరు చేద్దామని, ప్లాస్టిక్‌లో మొక్కజొన్న పిండి కలపమన్నది నేనే. యజమాని అందరి ముందూ నన్ను సైంటిస్టు అన్నాడు. ఆ మాట తలకెక్కింది. మరిగే నీళ్లు పోస్తే కొన్ని కవర్ల అడుగు అతుకు మెత్తబడి విడిపోయింది. పిండి ఎక్కువై అతుకు సరిగా పట్టలేదని అర్థమైంది. ఏం చేశాను? నీళ్లు కాస్త చల్లారనిచ్చి మళ్లీ పోశాను. ఈసారి ఆగాయి. బాగున్నాయని చెప్పేశాను.

స్టేషన్ బయట టీ బంకు నడిపే మాబుకు ఒక కట్ట నేనే ఇచ్చాను. పార్సిల్ కట్టేలోపు టీ కొంచెం చల్లారుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఇది మట్టిలో కలిసేలోపల నేనే కలిసిపోతానేమో సారూ" అని నవ్వాడు మాబు.

కొన్నాళ్లకే అతని కూతురు నూరీ, అవ్వకోసం టీ పార్సిల్ ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి పోతుంటే కవరు అడుగు విడిపోయింది. చిన్నపిల్ల. తొడ నుంచి మోకాలి కిందిదాకా కాలింది.

ఆసుపత్రి వరండాలో మాబు నన్నే అడిగాడు.

"సారూ, నువ్వు చదువుకున్నోనివి. తప్పు యాడ జరిగింది? నా చేతిలోనా, కవర్లోనా?"

"కవరు బాగానే ఉండాదప్పా. ఉడుకుడుకుది నిండా పోసి బిర్రుగా ముడేసింటావు. ఆవిరికి పగిలింటాది."

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "అంతేలే. మా ఇంట్లోది గూడా అదే అంటాండాది, నీది మొదట్నుంచీ దురుసు చెయ్యని."

గొడవ పెట్టుకుని ఉంటే, నలుగురిలో నా చొక్కా పట్టుకుని ఉంటే నిజం ఒప్పుకునేవాణ్నా, లేక ఇంకాస్త చదువుకున్న భాషలో ఇంకాస్త పెద్ద అబద్ధం చెప్పేవాణ్నా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. అతను నమ్మేశాడు.

మర్నాడే ఫ్యాక్టరీలో పిండి సగానికి తగ్గించాను. కారణం ఎవరికీ చెప్పలేదు. అప్పటికే బయటికి పోయిన కట్టల ఊసెత్తలేదు. వాటివల్ల ఇంకెవరికైనా కాలిందా? కనుక్కోవడానికి భయపడ్డాను.

మాబు బంకు మూసేశాడు. పెనుకొండ వెళ్లి మూటలు మోశాడు. ఇంట్లో కూతురికి వేడి గ్లాసు చేతికందించేవాడు కాదట. కింద పెట్టి దూరం జరిగేవాడట. నూరీ మోకాలు ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతోంది.

పోయిన ఏడాది మాబు చనిపోతే వెళ్లాను.

"మా నాయనను నేనెప్పుడో మన్నించినా సారూ" అంది నూరీ. "ఆయప్పే మర్చిపోలా."

ఆమె మన్నించాల్సిన తప్పు ఆయన చేయనే లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల వంచుకుని బయటికొచ్చేశాను. నిజం చెబితే ఆమెకు తండ్రి మిగులుతాడు. నాకు ఏమీ మిగలదు. ఆ లెక్క వేసుకునే నోరు మూసుకున్నాను.

మాబు వినాల్సిన మాట మీకు చెబుతున్నాను. బిడ్డను కాల్చింది ఆయన చెయ్యి కాదు. నేను తెలిసి ఇచ్చిన కవరు. రాసేశాను. గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు సిగ్గుగా ఉంది.