అతుక్కుపోయిన పన్నెండోవాడు

ఆ రోజుల్లో కుర్రాళ్ళకి అలుపనేది తెలియదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మిగతావాళ్ళ సంగతి ఏమో గానీ, నేను మాత్రం ఇరవై రెండేళ్ళకే అలిసిపోయిన మనిషిని. చిలకలూరిపేట హైవే మీద ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా ఉద్యోగం. మార్చి వచ్చిందంటే చాలు, మిర్చి టిక్కీలు (మా దగ్గర మిర్చి బస్తాని అలాగే అంటారు) లారీల మీద లారీలు దిగేవి. పొద్దున తుమ్ముతో మొదలై సాయంత్రం తుమ్ముతో ముగిసే కొలువది. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా ఘాటు వదిలేది కాదు. "కళ్ళేంట్రా అంత ఎర్రగా ఉన్నాయి, తాగొచ్చావా?" అని మా అమ్మ రోజూ అడిగేది. రోజూ జవాబు చెప్పే ఓపిక లేక ఒకరోజు "అవును, తాగొచ్చాను" అనేశాను. ఆ తర్వాత వారం రోజుల పాటు మా ఇంట్లో జరిగింది ఇక్కడ అనవసరం.

అంత నీరసంలోనూ నన్ను వదలని పిచ్చి ఒకటుండేది, క్రికెట్ కార్డులు. చిన్నప్పుడు బబుల్ గమ్ పొట్లాల్లో వచ్చేవి. పన్నెండు కార్డులు కలిస్తే ఒక సెట్టు. ఆడేవాళ్ళు పదకొండు మంది, పైన పన్నెండోవాడు. మిగతావన్నీ ఎవడి జేబులో చూసినా ఉండేవి గానీ, కప్పు ఎత్తి పట్టుకున్న కెప్టెనూ, పన్నెండోవాడూ మాత్రం ఎన్ని పొట్లాలు నమిలినా వచ్చేవాళ్ళు కాదు. పాపం ఆ పన్నెండోవాడు మంచినీళ్ళ ట్రే పట్టుకుని, పక్కనుంచి ఎవరో పిలిచినట్టు అటు చూసి నవ్వుతుంటాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కార్డు వెనక లెక్కలన్నీ సున్నాలే. అలాంటివాడి కోసం పేటలో పిల్లలందరం దవడలు నొప్పి పుట్టేలా నమిలాం. ఏడో తరగతిలో వాడు నాకు దొరికాడు. దొరికిన మూడోనాడే క్లాసులో బల్ల కింద చూసుకుంటుంటే మా డ్రిల్లు మాస్టారు చెవి మెలేసి, కార్డు తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. బెల్లు కొట్టాక ఇస్తారనుకున్నాను. ఆ బెల్లు మళ్ళీ మోగలేదు.

ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం ప్యాంటు పొడవు తగ్గించుకుందామని టైలర్ భాయ్ షాపుకి వెళ్ళాను. భాయ్ కత్తిరింపుల బల్ల మీద అద్దం, అద్దం కింద వరసగా క్రికెట్ కార్డులు! ("ఇవి అమ్మను, మార్చను తమ్ముడూ. జాకెట్ కొలతల మధ్య కళ్ళకి రెస్టు కావాలి కదా, అందుకు.") ఆ బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో కార్డులు పేర్చుకుంటున్న మనిషిని చూసి నా కాళ్ళు వాటంతటవే అటెన్షన్‌లోకి వచ్చేశాయి. ఆయనే, మా డ్రిల్లు మాస్టారు. పిల్లల దగ్గర లాక్కున్న కార్డులన్నీ ఏళ్ళ తరబడి సొరుగులో పడేసి, ఒకనాడు ఖాళీగా ఉండి పేర్చబోతే ఆయనకీ మా జబ్బే అంటుకుందట. పన్నెండింట్లో పదకొండు కుదిరాయి. కెప్టెన్ ఒక్కడే తక్కువ. తర్వాతెప్పుడో దొరికిన కెప్టెన్ నా దగ్గరున్నాడు. నాకు తక్కువైన పన్నెండోవాడు ఆయన ఒళ్ళో నవ్వుతున్నాడు.

"మాస్టారూ, అది నాదండీ. ఏడో తరగతిలో మీరే లాక్కున్నారు."

"నీ పేరు రాసుందా దాని మీద?"

"మూలన నా పంటి గాటుందండి, చూడండి."

"ఊళ్ళో అందరికీ పళ్ళున్నాయిరా. కావాలంటే కెప్టెన్ని ఇచ్చి పట్టుకెళ్ళు."

నా కార్డుకి నేను కెప్టెన్ని ఇవ్వాలా! ఆ పంతం రెండేళ్ళు నడిచింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆరు రోజుల అలసట మోసుకుని భాయ్ షాపుకి వెళ్ళడం, ఇద్దరం కార్డులు బల్ల మీద పెట్టడం, "ఇస్తావా?", "ఇస్తారా?" అనుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకోవడం. మధ్యలో భాయ్ కుట్టుమిషన్ ఆపి, "ఆ రెండూ మార్చుకున్నా మీ ఇద్దరికీ మళ్ళీ ఒక్కటి తక్కువే కదా సార్, ఏంటి మీ గొడవ?" అనేవాడు. అంత తేలికైన మాట మా ఇద్దరి బుర్రలకీ ఎక్కలేదు. ఎక్కితే ఆదివారాలు ఏం చేసుకోవాలి?

ఆ ఏడాది మే నెలాఖరుకి మాస్టారి రిటైర్మెంటు. సొంతూరు కనిగిరి వెళ్ళిపోతానన్నారు. ఆయన బస్సెక్కితే నా పన్నెండోవాడు కూడా ఎక్కేసినట్టే. పంతం పక్కన పెట్టి, "సరేనండీ, కెప్టెన్ని తీసుకోండి, నావాడిని నాకు ఇచ్చేయండి" అన్నాను. బయల్దేరే ముందు ఆదివారం మార్చుకుందామని ఖాయమైంది. అప్పటిదాకా రెండు కార్డులూ ఎవరి దగ్గరుండాలి? నాకు ఆయన మీద నమ్మకం లేదు, ఆయనకి నా మీద అసలే లేదు. పైగా ఎండలకి కార్డులు వంకర్లు తిరుగుతున్నాయి. మాస్టారు కాసేపు ఆలోచించి, "ఒరేయ్, మీ కోల్డ్ స్టోరేజీలో పెడితే మిరపకాయ రంగు ఏడాదైనా పోదంటావు గదా?" అన్నారు.

"అది మిరపకాయండీ."

"రంగు రంగే కదరా!"

ఆ మాటకి ఎదురు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. భాయ్ వెంటనే సఫారీ గుడ్డముక్కతో ఒక చిన్న సంచీ కుట్టాడు. బొమ్మలు గీసుకుపోకుండా కార్డులు రెండింటినీ ముఖానికి ముఖం ఆనించి లోపల పెట్టారు మాస్టారు. నేను మధ్యలో విప్పకుండా సంచీ మూతి కూడా కుట్టించారు, అచ్చం మేం టిక్కీలకి కుట్టినట్టే. పాలిథిన్ కవర్లో వేద్దామండీ అంటే, "గాలాడాలి తమ్ముడూ" అన్నాడు భాయ్. గుడ్డ సంగతి గుడ్డవాడికి తెలియదా అని నోరు మూసుకున్నాను. సంచీ తీసుకెళ్ళి లోపలి ఛాంబర్లో రెండు టిక్కీల సందున దూర్చాను.

చెప్పిన ఆదివారం వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. ఛాంబర్లోంచి సంచీ తీసి, జేబులో వేసుకుని, బండి మీద భాయ్ షాపుకి ఉరికాను. చలువలోంచి తీసిన సరుకుకి చెమట పడుతుంది, వరండాలో ఆరనిచ్చి గానీ విప్పకూడదని రైతులకి రోజూ చెప్పేది నేనే. (నా మాట నేను వినే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.) షాపు చేరేసరికి సంచీ పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"తడిసిందేంట్రా!" అని మాస్టారు గావుకేక పెట్టారు.

"తడే కదా సార్, దానికింత కంగారెందుకు?" అంటూ భాయ్ నా చేతిలోంచి సంచీ లాక్కుని, బల్ల మీద పరిచి, కణకణలాడుతున్న బొగ్గుల ఇస్త్రీపెట్టె దాని మీద దించాడు.

సంచీ చాలా రోజులు ఘాటు పట్టిన మిర్చి మధ్య పడుకుంది. తడి, నిప్పు, మిరపదుమ్ము కలిస్తే ఏమవుతుందో మీ వంటింట్లో తాలింపు మాడినప్పుడు చూసే ఉంటారు. ఆవిరి ఒక్కసారి గుప్పుమంది. జాకెట్ కోసం వచ్చిన ఆవిడ "అన్నా, రేపొస్తా!" అని చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తింది. భాయ్ దగ్గుతూనే ఇంకాస్త గట్టిగా అదుముతున్నాడు, పనిలో మనిషి చాలా శ్రద్ధ. మాస్టారు ముక్కు పట్టుకుని, "ఎవరూ ఊపిరి పీల్చకండి! ఒకటీ, రెండూ..." అని డ్రిల్లు మొదలుపెట్టి, మూడు దగ్గర తనే కుప్పకూలి తుమ్మారు. ముగ్గురం మెట్ల మీదకొచ్చి పడి, కళ్ళూ ముక్కులూ ధారగా కారుతుంటే తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. దారినపోయే పెద్దాయన ఒకాయన సైకిలు ఆపి, "అయ్యో, ఎవరు పోయారండీ?" అన్నాడు.

"పన్నెండోవాడు!" అన్నారు మాస్టారు వెక్కుతూ.

"పన్నెండో సంతానమా! చంటివాడేమో పాపం" అని ఆయన కూడా కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఘాటు తగ్గాక భాయ్ కుట్లు విప్పాడు. లోపల రెండు కార్డులు లేవు. దళసరిగా ఒక్కటే అట్ట ఉంది. కెప్టెనూ పన్నెండోవాడూ ముఖానికి ముఖం అతుక్కుపోయారు. అటు తిప్పితే కెప్టెన్ పరుగుల లెక్కలు, ఇటు తిప్పితే సున్నాలు. గోరు దూర్చడానికి కూడా సందు లేదు. మాస్టారి కళ్ళలో ఒక మెరుపు మెరిసింది, అదే క్షణంలో నాకూ లెక్క తట్టింది. ఆ అట్ట ఎవరి దగ్గరుంటే వాళ్ళ సెట్టు పన్నెండూ పూర్తి! రెండేళ్ళుగా కుదరనిది భాయ్ ఇస్త్రీతో కుదిరింది.

"నా తప్పే సార్, కాస్త ఆవిరి పట్టిస్తే ఊడొస్తాయి, విడదీసి ఇచ్చేస్తా" అని భాయ్ చెయ్యి చాపాడు.

"వద్దు!" అని మాస్టారూ నేనూ ఒకేసారి అరిచాం. జీవితంలో మేమిద్దరం ఒప్పుకున్న మొదటి మాట అదే. ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరింది. ఆరు నెలలు ఆయన దగ్గర, ఆరు నెలలు నా దగ్గర.

అప్పట్నుంచీ ఈ వంతులు నడుస్తూనే ఉన్నాయి. మొదట్లో మాస్టారే పేట వచ్చేవారు. మోకాళ్ళు మొరాయించాక తేవడమూ నేనే, ఇవ్వడమూ నేనే. సీజన్లో ఒక ఆదివారం దొరకడమే గగనం. అద్దంకిలో బస్సు మారాలి, సీటు దొరకదు, కిటికీలోంచి వడగాలి. "రెండు అట్టముక్కల కోసం అంత దూరమా?" అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కాదనే ఓపిక నాకు లేదు.

మొన్న నా వంతు వచ్చిందని కనిగిరి వెళ్ళాను. మాస్టారు వసారాలో మడత కుర్చీలో ఉన్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. నేను చెప్పులు విప్పేలోపే అట్ట తీసి నా చేతిలో పెట్టారు.

"ఇక మళ్ళీ తేవద్దురా అబ్బాయ్. నువ్వే ఉంచేసుకో. నాకు చూపు కూడా ఆనడం లేదు." నా చేతిలోని అట్ట మూలని వేలితో తడిమి అన్నారు, "అది నీదేరా. నీ దగ్గర లాక్కున్నట్టు నాకు మొదట్నుంచీ గుర్తే."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో! తీరా విన్నాక సంతోషం బదులు భయం వేసింది. అట్ట తిరిగి ఆయన జేబులో పెట్టాను.

"నా వంతు ఇంకా రాలేదండీ మాస్టారూ. మీరే లెక్క తప్పారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. క్లాసులో బల్ల కిందకి వంగి చూసిన చూపే.

"డ్రిల్లు మాస్టారికి లెక్కలు చెబుతావేంట్రా! సరే కానీ, వచ్చేసారి వట్టి చేతులతో రాకు. మంచి ఎండుమిరపకాయలు ఒక కేజీ పట్రా."

"అలాగేనండి" అన్నాను.

తిరుగు బస్సులో అద్దంకి దాకా నిలబడే ఉన్నాను. నడుము లాగేస్తోంది, జేబు ఖాళీ, సెట్టులో పన్నెండోవాడూ లేడు, కెప్టెనూ లేడు. నాలోని ఇరవై రెండేళ్ళ కుర్రాడు చూస్తే, "చేతికొచ్చిందాన్ని వదిలేసి వస్తావా, బుద్ధుందా నీకు!" అని బస్సులోనే చెడామడా తిట్టేవాడు. తిట్టనీ, వాడికేం తెలుసు? వాడికి కావలసింది కార్డు. నాకు మాత్రం కనిగిరి వెళ్ళే పని ఇక లేని ఆదివారం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని లేదు.