కిటికీలో రెండు వందల పన్నెండు చుక్కలు

ఆ ఆటలో నేను అరవై నాలుగు రకాలుగా చచ్చాను. ప్రతి చావునూ రాసి పెట్టుకున్నాను. ఆ అరవై నాలుగూ పోయిన ఏడాది ఇంటర్నెట్‌లో ఇంకొకడి పేరు కింద కనిపించాయి.

పాతికేళ్ళ కిందట చిత్తూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌కు నగరి నుంచి వారానికి మూడు రోజులు బస్సులో వెళ్ళేవాణ్ణి. మాది పవర్‌లూమ్‌ల ఇల్లు. చదువు పదో తరగతితో ఆగింది. చీర పడుగులో ఎన్ని పోగులుండాలో, ఏ రంగు ఎన్ని పోగుల తర్వాత రావాలో లెక్క కట్టడం నా పని. నాయన వేసిన పడుగులు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ లెక్క కంప్యూటర్‌లో వేయవచ్చని ఎవరో చెబితే సెంటర్‌లో చేరాను. మధ్యాహ్నం సార్ అన్నానికి పోయినప్పుడు మూలనున్న మెషీన్‌లో ఆ ఆట ఆడేవాళ్ళం.

అది అంతరిక్షంలో ఉత్తరాలు పంచే తపాలావాడి కథ. రెండు వందల ఏళ్ళు ఆలస్యమైన ఒక పార్సిల్‌ను వాడు చేర్చాలి. వాడు ఎటు పోవాలో, ఏం ముట్టుకోవాలో మనం ఇంగ్లీషులో టైపు చేయాలి. తప్పు చేస్తే వాడు చస్తాడు. చచ్చిన ప్రతిసారీ తెర మీద తపాలా ముద్ర పడి, కింద ఒక వెక్కిరింపు వచ్చేది. క్యాంటీన్‌లో సూప్ తాగబోతే సూపే వాణ్ణి మింగేది. "సూప్‌కు మీరు నచ్చారు, ఉప్పు మాత్రం తక్కువైందట" అని రాసేవాళ్ళు. అంతరిక్షపు సూటు తొడక్కుండా ఓడలోంచి దిగమంటే, "చిరునామాదారుడు దొరకలేదు, ఇప్పుడు తపాలావాడూ దొరకడు" అనేవాళ్ళు. బూతు టైపు చేస్తే, "మీ అమ్మ వెనకే నిలబడి చదువుతోంది" అని వచ్చేది. మొదటిసారి నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

ఆ ఆట నన్ను తిట్టినంతగా మా ఊళ్ళో ఎవరూ తిట్టలేదు. అందుకే వదల్లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో జోకూ విప్పేవాణ్ణి. క్యాంటీన్ గోడ మీద పోస్టర్లన్నీ పాత అంతరిక్ష సినిమాలను ఎగతాళి చేసేవని పదేళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. అప్పట్లో అవి గ్రహాల మధ్య తిరిగే బస్సుల టైములనుకుని, ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకున్నాను. చావులు, జోకులు, పోస్టర్లు, ఏ గదిలో ఎన్ని దీపాలు, కిటికీలో ఎన్ని చుక్కలు, అన్నీ కలిపి ముప్పై ఒక్క తెల్ల కాగితాలయ్యాయి.

పక్క బెంచీలో కూర్చునేవాడు ఒకడున్నాడు. నేను డిక్షనరీ తిప్పుతుంటే నవ్వేవాడు. "జోకుకు అర్థం ఎతుక్కునేవాణ్ణి నిన్నే సూసినానప్పా" అనేవాడు. కోర్సు చివరి వారం ఆ కాగితాలు జిరాక్స్ తీసి ఇస్తానని పట్టుకుపోయాడు. తిరిగి ఇవ్వలేదు. రెండుసార్లు అడిగాను. "యాడనో ఉండాది, ఎతకాల" అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశాను. వాడి మీద కోపం మాత్రం మానలేదు.

ఇప్పుడు వాడికి తిరుపతిలో కంప్యూటర్ దుకాణం ఉంది. ఆ పాత ఆటను ఇష్టపడేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. రిటైరైన ఒక ఫిజిక్స్ మేడం దాన్ని నడుపుతారు. నన్నూ అందులో చేర్చారు. చేరిన వారానికే వాడు అందులో ఒక లింకు పెట్టాడు. "నా జాబితా, పాతికేళ్ళ శ్రమ" అని రాశాడు. తెరిచాను. అరవై నాలుగు చావులు నేను రాసిన వరసలోనే ఉన్నాయి. బస్సుల టైములు కూడా ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఎవరో అడిగారు: "కెప్టెన్ గది కిటికీలో చుక్కలు 212 అని ఉండాది. నేను లెక్కబెడితే 230 వచ్చినాయి?" వాడు, "కొన్ని చుక్కలు మిణుకుతాయప్పా" అని జవాబిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆటలో చుక్కలు మిణకవు. దొంగిలించినవాడు కాపీ కూడా సరిగ్గా కొట్టలేదనుకున్నాను. వెంటనే టైపు చేశాను: "212 రాసినోనికి లెక్క రాదు. పద్దెనిమిది చుక్కలు మింగినోడు ఇంకేం మింగినాడో." ఇరవై మూడు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ జాబితాను చిన్న పుస్తకంగా అచ్చేస్తామని మేడం ప్రకటించారు. అట్ట మీద తయారుచేసినవారి పేరు ఉంటుందన్నారు. అది నా పని అని నేను రాశాను. వాడు తనదన్నాడు. తిరుచానూరులో ఒక లాడ్జి హాల్లో ఆదివారం పొద్దున అందరూ కలుస్తున్నారని, ఇద్దరూ వచ్చి రుజువు చూపించమని మేడం చెప్పారు.

రుజువు కోసం ఇల్లంతా గాలించాను. మా ఆవిడ వాకిట్లో కూర్చుని చూస్తూ ఉంది.

"ఏమయ్యా, ఆ తపాలావాడు సచ్చి పాతికేళ్ళాయ. ఇప్పుడు కర్మంతరం చేస్తా ఉండావా?"

"నా కాగితాలకు వాడు పేరు పెట్టుకున్నాడే!"

"పెట్టుకోనీ. సచ్చిందెవరు, నువ్వే గదా."

శనివారం మధ్యాహ్నం అటక మీద అంచుల పుస్తకం దొరికింది. చీర లెక్కలో ఒడలు, అంటే నడుమ భాగం, వేరు; అంచులు వేరు. ఒడలు లెక్క ఒక కాగితం మీద, రెండు అంచుల లెక్క మరో పుస్తకంలో రాస్తాం. అంచుకు నూలు వేరు, రంగు వేరు. చివర్లో రెండూ కలుపుతాం. ఆ పుస్తకంలో జరీ అంచుల లెక్కల మధ్య, పెన్సిల్‌తో నా చేతిరాతలో ఒక వరస ఉంది: "కెప్టెన్ కిటికీ. ఎడమ అంచు 9. కుడి అంచు 9."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కిటికీకి అటూ ఇటూ రెండు లావు కమ్మీలుంటాయి. కమ్మీల బయట సన్నటి పట్టీల్లో కూడా చుక్కలుంటాయి. చూడడానికి పరిచిన చీరలా ఉండేది. నేను నడుమ భాగం కాగితం మీద రాసి, అంచులు పుస్తకంలో రాసుకున్నాను. కలపడం మరిచాను. 212 రాసింది నేనే. ఇరవై మూడు మంది నవ్వింది నన్ను చూసే.

ఆ పుస్తకం తప్ప నా దగ్గర వేరే రుజువు లేదు. దాన్ని చూపిస్తే జాబితా నాది అవుతుంది. తప్పూ నాది అవుతుంది. పాతికేళ్ళుగా నగరిలో ఏ పడుగు లెక్క తప్పినా నా దగ్గరకే వస్తారు. శనివారం సాయంత్రం దాకా ఆ పుస్తకం మళ్ళీ అటకెక్కించాలా అని ఆలోచించాను.

ఆదివారం హాల్లో ముప్పై మందికి పైగా ఉన్నారు. వాడు ముందు వరసలో కూర్చున్నాడు.

"యాడ రాసినావప్పా? సూపించు," అన్నాడు అందరికీ వినపడేలా.

పుస్తకం మేడం చేతికిచ్చాను. ఒడలు, అంచుల పద్ధతి చెప్పాను. ఆమె బోర్డు మీద 212 రాసి, కింద 9, మళ్ళీ 9 వేసి కూడారు. 230 వచ్చింది.

"మీ దగ్గర ఈ పద్దెనిమిదీ యాడ ఉండాయి?" అని మేడం వాణ్ణి అడిగారు.

వాడు ఊరికే కూర్చునే రకం కాదు. లేచి నా వైపు తిరిగాడు.

"అట్లయితే తప్పు రాసింది నువ్వే గదబ్బా! లెక్క రానోడని గ్రూపులో ఎవురిని తిడితివి?"

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

"నన్నే తిట్టుకున్నానప్పా," అన్నాను. "ఆ లెక్క రానోడి పేరే అట్ట మీద ఎయ్యండి."

టీ ఇచ్చే వేళకు వాడి కుర్చీ ఖాళీగా ఉంది.

పుస్తకం అచ్చుకు పోయే ముందు, కిటికీ దగ్గర 230 అని దిద్దమంటారా అని మేడం ఫోన్ చేశారు. ఒడలు 212, అంచులు 18, మొత్తం 230 అని మూడు వరసల్లో వేయమన్నాను. అట్ట మీద నా పేరు వచ్చింది.

పోయిన నెల పూతలపట్టు దగ్గర బస్సు ఆగితే టీ కొట్టు ముందు వాడు కనిపించాడు. నన్ను చూసి, పక్కనున్నవాళ్ళతో గట్టిగా అన్నాడు: "ఇదో, ఈయన లెక్కలు కడితే అంచులు లేని చీరలే కట్టుకోవాల!"

వాళ్ళు నవ్వారు. నా ముప్పై ఒక్క కాగితాలు ఎప్పుడు తిరిగిస్తావని అడిగాను. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. బస్సు కదిలేదాకా తిరగలేదు.