కొండెక్కిన వాల్‌పేపర్

2003లో రాజోలు బస్టాండు వెనక నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. అప్పట్లో అందరికీ కదిలే వాల్‌పేపర్ల పిచ్చి. జలపాతాలు, ఈదే చేపలు, ఎగిరే చిలకలు. అవి కదలాలంటే యాక్టివ్ డెస్క్‌టాప్ అనే సదుపాయం ఆన్ చేయాలి. అది మెమరీని మేసేస్తుంది, మెషీన్ నత్తనడక నడుస్తుంది. నాకవంటే ఒళ్ళుమంట.

ఒకరోజు ఉదయం మలికిపురం నుంచి సత్యవతి గారని ఒకావిడ ఫోన్ చేశారు. "యూపీఎస్ కూత పెడుతోందండి. తొందరగా రండి. కంప్యూటర్ మాత్రం ఆగకూడదండి." కరెంటు పోతే బ్యాటరీతో కాసేపు నడిపే పెట్టె యూపీఎస్. ఆగకూడదని అందరూ అనేదే కదా అని పట్టించుకోలేదు.

వెళ్ళేసరికి తెర మీద ఇత్తడి కుందిలో దీపం రెపరెపలాడుతోంది. కీబోర్డు పక్కన రెండు మందారాలు. చూసి నవ్వుకున్నాను. ఆవిడ కాఫీకి లోపలికెళ్ళగానే యూపీఎస్ వైరు పీకేసి, మెషీన్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి తగిలించి ఆన్ చేశాను. అలా ఉన్నపళంగా ఆపితే యాక్టివ్ డెస్క్‌టాప్ అలుగుతుంది. బొమ్మ పోయి, తెరంతా తెల్లగా వచ్చి, ఒక రికవరీ బటన్ మిగులుతుంది. అదే జరిగింది.

వెనక కాఫీ గ్లాసు భళ్ళున పగిలింది.

"దీపమేదండీ?"

"ఏ దీపమండీ? ఆ వాల్‌పేపరా?"

"మా ఆయన్ని ఈ పూటే కాకినాడలో గుండె ఆపరేషన్‌కి థియేటర్లోకి తీసుకెళ్ళేరండి. ఇంటికొచ్చేదాకా అఖండ దీపం పెడతానని మొక్కుకున్నానండి. దేవుడి గదిలో రెండుసార్లు కొండెక్కిపోయింది. 'దీనికి గాలి భయం లేదమ్మా' అని మా అమ్మాయి ఇందులో పెట్టి, ఆయనతో వెళ్ళిందండి. నాలుగు రోజులై కాపలా కాస్తున్నాను. ఎంత పని చేసేరండీ!"

తెర తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను. ఆ తెలుపు చూస్తూ ఆవిడ నుదుటి బొట్టు తడుముకున్నారు. రికవరీ బటన్ నొక్కాను. ఎర్రర్. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎర్రరే.

అప్పుడే హాల్లో ఫోన్ మోగింది. ఇద్దరం కదల్లేదు.

"మీరే ఎత్తండి. నా వల్ల కాదండి," అన్నారావిడ.

వెళ్ళి రిసీవర్ ఎత్తాను. అవతల వాళ్ళమ్మాయి. కంప్యూటర్ మెకానిక్‌నని చెప్పాను. "నాన్నగారిని థియేటర్లోంచి తెచ్చేరండి. బాగానే ఉన్నారని డాక్టరు గారు చెప్పేరు. అమ్మకి చెప్పండి."

చెప్పాను. ఆవిడ నేల మీద కూలబడి భోరుమన్నారు. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నారు.

"అయితే మరి వెలిగించండి."

"ఆయన బాగానే ఉన్నారట కదండీ?"

"ఇంటికి రావాలి కదండీ!"

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దీపాన్ని మళ్ళీ పెట్టాను. షాపుకెళ్ళి నా యూపీఎస్ తెచ్చి, మెషీన్ ఆపకుండా దాన్ని తగిలించే దారి లేక, ఈసారి కాసేపు ఆపొచ్చా అని ఆవిణ్ణే అడిగాను. ఆవిడ దేవుడి గదిలో ప్రమిద వెలిగించి, దాని ముందు చేతులు అడ్డం పెట్టుకుని కూర్చుని, "ఆయ్, ఇప్పుడు పీకండి," అన్నారు.

రెండు నెలల తర్వాత ఒక పెద్దాయన షాపుకొచ్చారు. "నన్ను కొండెక్కించబోయింది మీరేనటండి?" అని పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా, తెర మీద ఎంత పనికిరాని బొమ్మ కదులుతున్నా, అదేమిటని అడగందే వైరు ముట్టుకోను. "ఉత్త బొమ్మేనండి, తీసేయండి," అంటారు. అయినా ఇంకోసారి అడుగుతాను.