తెరసెల్లా పట్టిన చేతులు

మండపేటలో తొమ్మిదో తరగతి పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. బరువుని ఎంతసేపు పట్టుకుని నిలబడినా, అది కదలకపోతే చేసిన పని సున్నా అని ఏటా బోర్డు మీద రాస్తాను.

కోనసీమలో మా అక్క కూతురి పెళ్లికి వెళ్తే, పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య తెరసెల్లా ఒక చివర నన్ను పట్టుకోమన్నారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అది దించకూడదు. ముహూర్తానికి ఇంకా టైముందని పంతులుగారు మంత్రాలు సాగదీశారు. పట్టుగుడ్డ ఏపాటి బరువు? అయినా భుజాలు వణికాయి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంది, వేడిగా మారి పోతోంది. తెర మాత్రం అంగుళం కూడా లేవలేదు.

అంతా అయ్యాక అక్క వచ్చి, "మేనమామవి, పెళ్లిలో ఒక్క పనీ చెయ్యలేదేంట్రా?" అంది.

నా పాఠం ప్రకారం అక్క అన్నది నిజమే. అందుకే ఒళ్లు మండింది. పప్పుచారు బకెట్టు అందుకుని వడ్డనకి బయల్దేరాను. సగం బంతి అయ్యాక గుర్తొచ్చింది. బకెట్టుని ఒకే ఎత్తున పట్టుకుని నేల మీద ఎంత దూరం నడిచినా, బోర్డు మీద అదీ సున్నాయే.