పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి కోర్టుకు, సద్దిమూటతో

మా మనవరాలి స్నేహితురాలికి ఈమధ్య ఉద్యోగం వచ్చింది. దెబ్బతిన్నవాళ్ళకూ, ఆ దెబ్బను చూసిన సాక్షులకూ కోర్టు పనుల్లో తోడుగా ఉండడం ఆ ఉద్యోగం. ఆ పిల్ల మొన్న మా ఇంటికి వచ్చి, ముత్తంగి వైపు నుంచి ఒకావిడను సంగారెడ్డి తీసుకెళ్ళాలనీ, ఎలా వెళ్తే మంచిదో చెప్పమనీ అడిగింది. దారి ఫోనులోనే ఉంటుందిగా అన్నాను. "దారి కాదు అమ్మమ్మగారూ, ఆవిడ నోరు విప్పేదాకా ఎలా వెళ్ళాలి?" అంది. పిల్లలో సరుకుంది. అందుకని, ఆ దారిన వెళ్ళబోయే మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని, డెబ్బయ్యవ దశకంలో నేను చేసిన ఒకనాటి ప్రయాణం ఈ బ్లాగులో రాస్తున్నాను.

అప్పట్లో ఆ పనికి పేరు లేదు. మావారు పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగానికి గుంటూరు వైపు నుంచి వచ్చి బీరంగూడ పక్క క్వార్టర్స్‌లో దిగితే, ఆయన వెనకాలే నేనూ ఒక ట్రంకుపెట్టె, ఒక బి.ఏ. పట్టా మోసుకుని దిగాను. పంచాయతీ సమితి ఆఫీసులో మహిళా మండళ్ళు చూసే ఉద్యోగం దొరికింది. కుట్టు మిషన్లు, బాలబడులు, పెరట్లో మునగచెట్లు నా శాఖ. కళ్ళద్దాలు, గొడుగు ఉన్న ఆడదాన్ని ఆ ఊళ్ళలో పంతులమ్మ అనేవారు కాబట్టి ఏ బడిలోనూ పాఠం చెప్పకుండానే నేను పంతులమ్మనయ్యాను. ఒంటి మీద దెబ్బతో ఉన్న ఆడవాళ్ళు పోలీసు స్టేషన్‌కంటే ముందు నా దగ్గరకు వచ్చేవారు. నాకేదో అధికారముందని కాదు. స్టేషన్‌లో నిలబెట్టి అడుగుతారు, నేను చాప వేసేదాన్ని.

సత్తెమ్మ అలాగే వచ్చింది. అప్పటికి ఇరవై కూడా నిండని పిల్ల. పొలాల్లో కొత్తగా లేస్తున్న ఒక ఫ్యాక్టరీ కట్టుబడిలో ఇసుక మోసేది. అక్కడి మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. ఈమె చెంప మీద కొట్టింది. వాడు పార కర్ర తీసుకుని అదే చెయ్యి విరగ్గొట్టాడు. అంతమంది పనిచేసే చోట ఆ క్షణాన ఎవరికివారికి కంట్లో ఇసుక పడిందట, ఎవరూ చూడలేదు. చూశానన్నది ఒక్క మల్లమ్మ. సిమెంటు తట్ట నెత్తి మీద పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కోర్టులో ఆ మాట చెప్పకపోతే కేసు పడిపోతుంది, మేస్త్రీ మర్నాడే అదే కట్టుబడికి వచ్చి నిలబడతాడు. ప్రభుత్వ వకీలు నాతో, "ఆమెను తీసుకురండమ్మా, దారిలో ఎవరూ ఎత్తుకుపోకుండా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, అది హాస్యం కాదు.

పొద్దున ఏడింటి బస్సుకు నేను పటాన్‌చెరులో ఎక్కాను. సంగారెడ్డికి టికెట్ రూపాయి దాటేది కాదు, బొంబాయి రోడ్డు మీద గంట ప్రయాణం. సత్తెమ్మ, మల్లమ్మ వాళ్ళ ఊరు నుంచి నడిచి ముత్తంగి దగ్గర రోడ్డెక్కి నా కోసం చూస్తుంటారు. అక్కడ ఆపమంటే ఆపనన్నాడు డ్రైవరు, స్టాపు కాదట. ఇద్దరు ఆడవాళ్ళు తెల్లారకముందు నుంచి నడిచి వస్తున్నారనీ, వాళ్ళను వదిలేసి పోతే ఈ గొడుగుతో నేను కూడా ఇక్కడే దిగి బస్సు ముందు కూర్చుంటాననీ చెప్పాను. ఆయన నా గొడుగు వంక చూసి బ్రేకు వేశాడు.

మల్లమ్మకు నలభై ఉంటాయి. ఉతికిన ఎర్రచీర కట్టుకుని, తలకు నూనె రాసి వచ్చింది. కండక్టరు టికెట్లు కొడుతూ, "ఏందమ్మా, పొద్దుగాల్నే ముస్తాబయిన్రు, పెండ్లికా?" అన్నాడు.

"అవ్ కొడకా, నీకే పిల్లను సూడవోతున్నం. జెర తల దువ్వుకో," అంది మల్లమ్మ.

బస్సులో సగంమంది నవ్వారు. సత్తెమ్మ కూడా నవ్వింది. వంగిపోయిన కుడిచేతిని కొంగు కింద దాచుకుని, ఎడమచేత్తో ఒళ్ళో ఒక గుడ్డమూట పట్టుకుని కూర్చుంది. ఏమిటది అంటే సద్ది అంది.

ఇస్నాపూర్ దాటేదాకా నేను చెప్పాల్సింది చెప్పాను. ఏం చెప్పాలో నేర్పడం నా పని కాదు, నేర్పకూడదు కూడా. గది ఎలా ఉంటుందో చెప్పాను. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, తను ఎక్కడ నిలబడాలి, మేస్త్రీ ఎంత దగ్గరగా ఉంటాడు. తెలియనిది తెలియదనవచ్చు, మంచినీళ్ళు కావాలంటే అడగవచ్చు. మల్లమ్మ అన్నిటికీ తలూపింది. రుద్రారం దగ్గరికి వచ్చాక మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక మాట అడిగింది.

"నేను చెప్పినంక నాకు పని ఎవ్వలియ్యాలె పంతులమ్మా?"

నాకు తెలియదన్నాను. వేరే కట్టుబడులలో అడుగుతాను కానీ ఇస్తారని మాట ఇవ్వలేనన్నాను. ఆమె నావైపు తిరిగి, "అబద్ధం చెప్పకుంటివి, మంచిగైంది," అంది. ఈ పనిలో దిగే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. భయపడే మనిషికి "ఏం కాదు" అని చెప్పకండి. ఏమవుతుందో ఆమెకు మీకంటే బాగా తెలుసు.

చౌరస్తా దాటి, ఊళ్ళో బస్టాండులో దిగి, కోర్టుకు నడిచాం. అక్కడ సత్తెమ్మ ఏవో కాగితాల మీద వేలిముద్ర వెయ్యాలన్నారు. మల్లమ్మను చింతచెట్టు కింద కూర్చోబెట్టి, ఆ పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళాను. కోర్టు గుమాస్తా కాగితం వెతకడం అంటే నూతిలో పడిన సూది వెతకడమే. వచ్చేసరికి బాగా ఆలస్యమైంది.

మల్లమ్మ అక్కడే ఉంది. ముఖం మాత్రం మారిపోయింది. రోడ్డవతల హోటలు నుంచి పటేలు మీసం తుడుచుకుంటూ వస్తున్నాడు. ఆయన వాళ్ళ ఊరి పెద్ద, మేస్త్రీకి స్వయానా మేనమామ. ఒక్క కఠినమైన మాట అనలేదట. పొద్దుటి నుంచి ఏమీ తినలేదా బిడ్డా అని అడిగి, హోటలుకు పిలిచి, పూరీలు, చాయ్ ఇప్పించాడట. ఊరి పెద్ద పిలిస్తే కాదనడం మర్యాద కాదని ఆమె తినేసింది. బెదిరిస్తే మల్లమ్మ తిరగబడేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఇగ నేను చెప్పలేను పంతులమ్మా. వాళ్ళ ఉప్పు తిన్న."

నా చదువంతా బయటికి తీశాను. ఉప్పు హోటలువాడిది, పటేలుది కాదన్నాను. అన్నం తింటే ఆ లెక్క గానీ, టిఫినుకు వర్తించదన్నాను.

"పూరీల్ల గూడ ఉప్పుంటది," అంది మల్లమ్మ.

ఆ వాదనకు ఏ వకీలూ జవాబు చెప్పలేడు. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. తిన్న ఇంటికి కీడు తలపెట్టకూడదన్న ఒక్క నియమాన్ని నమ్ముకుని బతికిన మనిషిని, అదే నియమంతో పటేలు కట్టేశాడు. బతిమాలకూడదని మాత్రం తెలుసు. చెప్పడం, చెప్పకపోవడం ఆమె ఇష్టం. ఆ మాటే అని పక్కన కూర్చున్నాను.

సత్తెమ్మ ఎదురుగా కూర్చుని మూట విప్పింది. ముడి ఒక కొస పంటితో పట్టి, ఇంకో కొస ఎడమచేత్తో లాగింది. లోపల జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. జొన్నరొట్టె చూసినవాళ్ళకు తెలుసు, దాన్ని రెండు చేతులతో తిప్పుతూ తట్టాలి, అప్పుడే గుండ్రంగా, పలచగా వస్తుంది. ఈ రొట్టెలు ఒకవైపు మందం, ఒకవైపు చిరుగు.

మల్లమ్మ వాటిని చూసింది. "నువ్వు చేసినవా?"

"ఒక్క చెయ్యితోని గిట్లనే అయితది అత్తా. నీకోసమని రెండు ఎక్కువ చేసిన."

మల్లమ్మ మందంగా ఉన్న వైపు ఒక ముక్క విరిచి, కారంలో అద్దుకుని నమిలింది. ఇంకో ముక్క తింది. ఒక రొట్టె పూర్తిగా తిన్నాక చేతులు దులుపుకుని లేచింది.

"దీంట్ల గూడ ఉప్పుంది. పా."

లోపల ఆమె చూసిందంతా చెప్పింది. తట్ట ఎక్కడ దించిందో, కర్ర ఏ చేత్తో ఎత్తాడో, సత్తెమ్మ ఏమని అరిచిందో చెప్పింది. మేస్త్రీ రెండు బారల దూరంలో నిలబడి తననే చూస్తున్నాడు. మధ్యలో ఆగి, మంచినీళ్ళు అడిగి, తాగి, మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాత మేస్త్రీ తరఫు వకీలు లేచాడు. పల్లె సాక్షులను అడిగే పాతప్రశ్న ఒకటుంది, అదే అడిగాడు. ఇదంతా నీకు నేర్పి, తిండి పెట్టి తీసుకొచ్చింది ఎవరు, ఆ వెనక కూర్చున్న పంతులమ్మేనా అని నావైపు చెయ్యి చూపించాడు.

"ఆమె నాకు చాయ్ గూడ తాపలేదు సారూ," అంది మల్లమ్మ. "పూరీలు తినవెట్టింది మీ పటేలే. అగో, గాడ కూసున్నడు. ఏం నేర్పలేదు, ఉత్తగ తినమన్నడు."

ఎదుటి పక్షం సాక్షికి పటేలు ఫలహారం పెట్టిన సంగతి ఆ వకీలుకు తెలియదు. చేసిన మేలు చెప్పుకోకూడదని పెద్దలంటారుగా, పటేలు చెప్పుకోలేదు. జడ్జిగారు కలం ఎత్తి, ఏ హోటలు, ఎప్పుడు అని ఆమెనే అడిగి రాసుకున్నారు. వకీలు ఇక ప్రశ్నలేమీ లేవని కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు మేస్త్రీకి శిక్ష పడింది. మల్లమ్మకు ఆ కట్టుబడిలో పని పోయింది, నేను అడిగిన రెండు చోట్ల ఇవ్వలేదు, మూడోచోట ఇచ్చారు. సత్తెమ్మ చెయ్యి నిటారు కాలేదు. న్యాయం జరిగిందంటే ఏం జరిగిందో నాకు ఈనాటికీ సరిగా తెలియదు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆ ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ముత్తంగి దాకా నిద్రపోయారు. పొద్దుటి డ్రైవరే, ఈసారి అడగకుండా ఆపాడు. దిగేముందు మల్లమ్మ మిగిలిన రొట్టె నా ఒళ్ళో పెట్టింది. నువ్వు పొద్దుటి నుంచి ఏం తినలేదు, నేను చూస్తనే ఉన్న అంది.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, బస్సులు బోలెడు, అరగంటకే చేరుస్తాయి. కాబట్టి నేనిచ్చే సలహా ఒక్కటే. సాక్షితో వెళ్ళేరోజు ఇంటి నుంచి తిండి కట్టుకు వెళ్ళండి, కోర్టు గుమ్మం ఎక్కకముందే కలిసి కూర్చుని తినండి. రొట్టె గుండ్రంగా రాకపోయినా ఫరవాలేదు.